పొలుసుల బండ మీది నీళ్లు

మా బావకి నీళ్ల చప్పుడు పడదు. ఫౌంటెన్లు నడిపి బతికే మనిషికి ఇదేం తెగులని మొదట్లో మేమూ నవ్వుకునేవాళ్లం. భోజనం మధ్యలో ఎక్కడైనా కుళాయి చుక్క టప్పుమంటే ముద్ద కంచంలో వదిలేసి లేచిపోయేవాడు. చుట్టాలింటికి వెళ్లినా అంతే. పలకరింపులు పూర్తవకముందే స్నానాలగది తలుపు తోసి చూసి, "వాషరు పోయింది, రేపు తెచ్చి వేస్తాను," అంటూ వచ్చి కూర్చునేవాడు.

"మనుషుల మొహం చూడకముందే కుళాయి మొహం చూస్తారు ఈయన," అనేది మా అక్క.

"నీళ్లు కంటికి కనబడాలి గానీ చెవిన పడకూడదే. చెవిన పడ్డాయంటే ఎక్కడో కారుతున్నాయని లెక్క."

పంపు గదిలో అతనికి పని నేర్పినవాళ్లు కూడా అదే మాట అనేవాళ్లట. పొద్దస్తమానం గొట్టాలకి చెవి ఆనించి, ఎక్కడ బుసకొడుతోందో, ఎక్కడ గరగరమంటోందో వెతికేవాడికి నీళ్ల చప్పుడు సంగీతంలా ఎందుకుంటుంది? డాక్టరుకి దగ్గు వినబడినట్టు వినబడుతుంది.

అతను పనిచేసిన తోట వాలు మీద ఉండేది. పై అంచున మిట్ట మీద ట్యాంకు, కింది మూలలో పంపు గది. పంపు నీళ్లని ట్యాంకుకి ఎక్కిస్తే, అక్కడి నుంచి అవి తమ బరువుతో తామే కిందికి దిగేవి. దిగే గొట్టం ఒక్కటే. మధ్యలో అది రెండుగా చీలి, ఒక పాయ పచ్చిక నడుమ ఉన్న గుండ్రటి కొలనుకి పోయేది. అందులో ఒక ధార నడుమెత్తు లేచి, ఆయాసం వచ్చినదానిలా కూలబడేది. రెండో పాయ పంపు గది పక్కనున్న పొలుసుల బండకి వెళ్లేది.

ఆ బండ గోడకి చేరగిలబడినట్టు ఏటవాలుగా ఉండేది. దాని మీద చేప పొలుసుల్లాగా వరసలు వరసలుగా చెక్కారు. పై అంచు నుంచి పలచటి పొరగా జారిన నీళ్లు ఒక్కొక్క పొలుసునీ తట్టుకుని, చిట్లి, మళ్లీ అతుక్కుని కింది తొట్టిలో పడేవి. చూడ్డానికి పెద్ద విశేషమేమీ లేదు, పిల్లలు కూడా దాని దగ్గర ఆగేవాళ్లు కాదు. చప్పుడు మాత్రం తోటలో సగం దాకా వినబడేది. గొడవ చేసే చప్పుడు కాదు. పక్కగదిలో ఎవరో నలుగురు కూర్చుని మెల్లగా మాట్లాడుకుంటున్నట్టు ఉంటుందనేది అక్క.

మా అక్క రోజూ సాయంత్రం సందులోని ఇంట్లోంచి బయలుదేరి, తోట పక్కగేటు దాటి, ఎత్తుగా పెరిగిన మొక్కల కంచెల మధ్య బాట పట్టి, ఆ బండ పక్క అరుగు మీదికి వచ్చి కూర్చునేది. బావ పంపు ఆపి, గదికి తాళం వేసి బయటికొచ్చేదాకా అక్కడే. తరవాత ఇద్దరూ కలిసి ఇంటికి. పెళ్లయిన కొత్తలో పడిన అలవాటు అది. అందుకే దాన్ని ఎవరూ అలవాటుగా తప్ప ఇంకోలా చూడలేదు. మా అక్క చూపు అంచుల నుంచి లోపలికి మూసుకుపోతోందని, ఆ కంచెల మధ్య ఆమె కళ్లని నమ్ముకోవడం ఎప్పుడో మానేసిందని, చప్పుడు ఎటుంటే అటు నడుస్తోందని మాలో ఎవరికీ తెలియదు. ఆమె చెప్పలేదు. మా అమ్మమ్మకి చూపు పోయాక ఇంట్లోవాళ్లు ఆవిడని ఒక మూల కుర్చీలో కూర్చోబెట్టి, గిన్నె చేతికందించి, తిన్నాక తీసుకుపోయేవాళ్లు. ప్రేమగానే చేశారు. ఆ కుర్చీని మా అక్క మరిచిపోలేదు.

నేను కొన్ని సాయంత్రాలు అక్కతో వెళ్లి అరుగు మీద కూర్చునేదాన్ని. నా చేతిలో ఎప్పుడూ ఏదో ఒక పుస్తకం ఉండేది. "కళ్లు లాగుతున్నాయే, నువ్వు చదువు, నేను వింటా," అనేది అక్క. అలా ఒకసారి పాత తోటల చరిత్ర చెప్పే పుస్తకం చదివాను. బావ కూడా నూనెచేతులు గుడ్డకి తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడి వినడం మొదలుపెట్టాడు.

"ఏం మరదలా, ఇవాళ ఏ రాజుగారి తోటలోకి తీసుకెళ్తున్నావు?"

"ఇవాళ ఎడారి వైపు వెళ్తున్నాం బావా. నీళ్లకి కరువైన చోటు. తోటని నాలుగు చదరాలుగా కోసి, మధ్యలో సన్నటి కాలవలు పారించుకునేవాళ్లట. చుక్క కూడా ఊరికే పైకి ఎగరెయ్యరు. జారనిస్తారు, వింటారు."

"వినడమేమిటి? లీకు!" అన్నాడు బావ.

అక్క పడీపడీ నవ్వింది.

అతని మనసు ఎడారి తోటల మీదికి పోలేదు, ఫ్రెంచి రాజుగారి తోట మీదికి పోయింది. ఆ రాజుకి తోటలో లెక్కలేనన్ని ఫౌంటెన్లు ఉండేవి గానీ అన్నిటికీ ఒక్కసారి సరిపోయేన్ని నీళ్లు ఉండేవి కావు. అందుకని రాజు ఏ దారిన వస్తుంటే ఆ దారిలో ఫౌంటెన్లు లేపేవాళ్లు. ఆయన మలుపు తిరగగానే పనివాళ్లు ఈల వేసుకుని, వెనకవి కట్టేసి ముందువి విప్పేవాళ్లు. ఇది విన్నప్పుడు బావ మొహం చూడాలి. గుమ్మం వదిలి వచ్చి అరుగు మీద కూర్చుని, ఆ పేజీ మళ్లీ చదవమన్నాడు.

"అంటే రాజు చూసినంతసేపు నిలబెడితే చాలన్నమాట. ధారలు ఎంత ఎత్తట?"

"కొన్ని చెట్లని దాటేవట."

"మనది చూడు. నడుమెత్తు లేచి చతికిలబడుతుంది. దాని మొహం చూస్తే నాకే సిగ్గేస్తుంది."

"రాజుని చూసిన కంటితో మొగుణ్ని చూస్తే మొట్టబుద్ధేస్తుందని ఊరికే అన్నారా? అలాంటి పుస్తకాలు ఈయన ముందు చదవకే," అంది అక్క.

ఆ ఏడాదే తోటని కొత్తగా తీర్చడానికి ఒకాయన వచ్చాడు. చంకలో ఎప్పుడూ చుట్టచుట్టిన కాగితాలుండేవి కాబట్టి పనివాళ్లు ఆయన్ని పటాలాయన అనేవాళ్లు. మెత్తటి మనిషి. ఏ చెట్టు కొట్టాలన్నా దాని చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి గానీ చెప్పేవాడు కాదు. పచ్చిక మధ్య కొలను చుట్టూ వలయాకారంలో బాటలు వేసి, తోటలో ఎక్కడ నిలబడినా ఆ ధారే కనబడేలా గీశాడు. అందుకు ధార లేవాలి. బావ ఎన్నేళ్లుగానో ఎదురుచూస్తున్న మాట అది.

"ఎత్తు పెరగాలంటే ఏం చెయ్యాలి?" అని ఆయన అడిగాడు. అక్క, నేను అరుగు మీదే ఉన్నాం.

"ఈ రెండో పాయ కట్టేస్తే చాలు సార్. ధార వచ్చే గొట్టం ముక్కు కాస్త సన్నం చేస్తే చెట్టంత లేస్తుంది," అన్నాడు బావ.

పటాలాయన బండ ముందు చాలాసేపు నిలబడ్డాడు. చెయ్యి నీళ్లలో పెట్టి చూశాడు. "ఇది పాత పద్ధతి. ఇలాంటివి ఇప్పుడు ఎవరూ చెక్కరు. నాకైతే ఉంచాలనే ఉంది. ఎత్తు కొంచెం తగ్గినా ఫరవాలేదు. మీరేమంటారు? రోజూ దీనితో ఉండేది మీరు."

బావ తడుముకోలేదు. "తీసేయించండి సార్. ఇది రోజంతా కారడమే తప్ప చూసేవాడెవడున్నాడు?"

అప్పుడు అక్క, తల ఎత్తకుండా, "దాని జోలికి ఎందుకండీ? దాని మానాన అది పడి ఉంటుంది కదా," అంది.

"నీకు తెలియదు, ఊరుకో."

ఆమె ఊరుకుంది. ఇప్పుడు తలచుకుంటే, అసలు సంగతి బయటపెట్టడానికి ఆమెకి దొరికిన సందు అదొక్కటే అనిపిస్తుంది. ఒక్క మాట అంటే చాలు, బావ ఆ బండని కౌగిలించుకుని కూర్చునేవాడు. కానీ ఆ ఒక్క మాట వెనకాల అమ్మమ్మ కుర్చీ ఉంది.

బండని పెకలించేటప్పుడు అది ముక్కలైంది. గొట్టం తీసేసి, గోడ పూసి, ఆ చోట పచ్చిక పరిచారు. పని సాగినన్నాళ్లూ తోట మూసే ఉంది.

కొత్త ధారని మొదట లేపిన రోజు బావ మా అందరినీ పిలిచాడు. వాల్వు దగ్గర కూర్చుని మెల్లగా, పసిబిడ్డ తల తిప్పినట్టు తిప్పాడు. గొట్టంలో గాలి ముందు పోవాలట. తొందరపడితే ధార తుమ్ముతుందట. ముందు కాస్త బుస, తరవాత నీళ్లు సన్నగా లేచి, నడుము దాటి, మనిషిని దాటి, కొలను పక్క చెట్టు కొమ్మల్ని దాటి, అక్కడ ఎండలో పువ్వులా విచ్చుకుని దులిపినట్టు పడ్డాయి. జనం హోరుమన్నారు. బావ పరుగెత్తుకుంటూ అక్క దగ్గరికొచ్చి, భుజం పట్టి అటు తిప్పాడు.

"చూడు, ఎంత ఎత్తుందో చూడు!"

అక్క మొహం పైకెత్తింది. "అబ్బో," అంది. "చాలా ఎత్తు."

ఆ తరవాతి సాయంత్రం ఆమె ఎప్పట్లాగే ఒంటరిగా బయలుదేరింది. గేటు దాటి కంచెల మధ్యకి వచ్చింది. ఎదురుగా ఏ చప్పుడూ లేదు. కొలను వైపు నుంచి వచ్చే ధార చప్పుడు ఏ పక్క నుంచి వస్తోందో తెలియకుండా తోటంతా ఒకే తీరుగా పరుచుకుని ఉంది. గేటు దగ్గర బెలూన్లమ్మే ఆవిడే అక్కని చెయ్యి పట్టుకుని పంపు గదికి తీసుకొచ్చింది.

"ఏమయ్యా, మీ ఆవిడని ఇలా వదిలేస్తే ఎలా? కంచెలో మొహం పెట్టి నిలబడింది. పిలిస్తే, మొగ్గలేశాయేమోనని చూస్తున్నానంటుంది. ఆ కంచెకి జన్మలో మొగ్గ వేసిందా?"

"ఊరికే నిలబడ్డానులెండి," అంది అక్క. చెంప మీద కొమ్మ గీసిన గీత ఎర్రగా ఉంది.

బావ నవ్వేశాడు. ఆ రోజు అతన్ని మెచ్చుకోవడానికి వచ్చినవాళ్లు ఇంకా గది ముందే ఉన్నారు.

అప్పటి నుంచి ఆమె తోటకి రావడం మానేసింది. మోకాళ్లు నొప్పి అంది. బావ ఒక్కడే తాళం వేసుకుని ఇంటికొచ్చేవాడు. "నీ అక్కకి నా ఫౌంటెన్ మీద అసూయే మరదలా," అనేవాడు నాతో. నవ్వుతూనే అనేవాడు గానీ మనసులో కష్టంగా ఉండేది. ఊరంతా వచ్చి చూస్తోంది, ఇంటి మనిషి రాదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు, తను రచ్చ గెలిచి ఇంట ఓడిపోయానని అనుకునేవాడు.

చివరికి ఒక సెలవు రోజు పట్టుబట్టి తీసుకెళ్లాడు. నేనూ వెంట ఉన్నాను. కొలను కడగడానికని ఆ పూట ధార కట్టేసి ఉంది. ఆ సంగతి బావ మరిచిపోలేదు. ఖాళీ కొలనులో, ముక్కుకి తను కొత్తగా బిగించిన ఇత్తడి పట్టీ ఆమెకి చూపించాలనే తీసుకొచ్చాడు. కంచెకి అవతల తోటమాలి గొట్టంతో మొక్కల మీద నీళ్లు కొడుతున్నాడు. ఆకుల మీద జల్లు పడుతున్న చప్పుడు గట్టిగా వస్తోంది.

కొలను గట్టు దగ్గరికి రాగానే అక్క ఆగింది. అతను ఏమీ అనకముందే మొహం పైకెత్తింది.

"ఇవాళ ఇంకా ఎత్తుగా లేపినట్టున్నారే," అంది.

బావ ఖాళీ కొలను వైపు చూశాడు. ఆమె మొహం వైపు చూశాడు. తరవాత నా వైపు చూశాడు. ఆ చూపు నేను ఎవరికీ చెప్పలేను. "ఊఁ, లేపాను," అన్నాడు. ఆమె చెయ్యి పట్టుకుని, రాయి ఉన్న చోట రాయి ఉందని చెబుతూ, ఇంటికి నడిపించాడు.

నీటికాసులన్నాడు కంటి డాక్టరు. ఉన్న కాస్త చూపూ నిలబడితే అదే మేలు, పోయింది తిరిగి రాదన్నాడు. "ఇన్నాళ్లు ఎలా నెట్టుకొచ్చారమ్మా?" అని అడిగాడు. అక్క వేళ్లు ముడుచుకుని కూర్చుంది. బయటికొచ్చాక, మెట్ల మీద బావ అడిగాడు, "తోటలోకి ఎలా వచ్చేదానివే?"

"బండ చప్పుడు ఉండేది కదండీ."

అంతే అంది. దెప్పిపొడుపు లేదు. దెప్పితే అతనికి కొంత తేలిక పడేదేమో.

బావ ఆ సాయంత్రమే పటాలాయన దగ్గరికి వెళ్లాడు. ఆ మూలకి గొట్టం మళ్లీ వెయ్యాలంటే పచ్చికంతా తవ్వాలి, అది తన చేతిలో లేదని ఆయన చెప్పాడు. బండ ముక్కలు మాత్రం పక్కగేటు దగ్గర నీటికాలవ మీద అడుగు వెయ్యడానికి బోర్లా పరిచారనీ, కావాలంటే తీసుకెళ్లమనీ అన్నాడు. 'నేను అప్పుడే అడిగానుగా' అని ఆయన ఒక్క ముక్క అనలేదు. లేచి, కాగితాల మీద బరువుకి పెట్టుకున్న చిన్న పొలుసు ముక్క, పగిలినప్పుడు ముచ్చటపడి దాచుకున్నది, బావ చేతిలో పెట్టాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అయింది. బావకీ తెలుసు. అయినా ముక్కలన్నీ ఇంటి వెనక చిన్న పెరట్లోకి చేర్చాడు. మట్టి గోకి, కడిగి, నేల మీద పేర్చి, ఏది దేని పక్కదో వెతుక్కున్నాడు. కొన్ని దొరకలేదు. అక్కడ సిమెంటుతో పొలుసులు తనే దిద్దాడు. గోడకి చేరవేసి, కింద తొట్టి కట్టి, ఆ తొట్టిలో నీళ్లనే చిన్న పంపుతో పైకి ఎక్కించేలా అమర్చాడు. అన్నాళ్లూ అక్కకి ఏమీ చెప్పలేదు. పెరట్లో సుత్తి చప్పుళ్లు విని, "ఇల్లు కూలుస్తున్నారా ఏమిటి?" అని అడిగితే, "చూస్తావుగా," అని, నాలుక కరుచుకున్నాడు.

మీట నొక్కిన రోజు అక్కని కుర్చీలో కాదు, అరుగులాంటి రాతి పలక ఒకటి వేసి దాని మీద కూర్చోబెట్టాడు. నీళ్లు పైకెక్కి, అంచు దాటి, జారాయి. జారుతూ తట్టుకున్నాయి. తొట్టిలో పడ్డాయి. బావ నీళ్లవైపు చూడలేదు. ఆమె మొహమే చూస్తున్నాడు.

అక్క తల కాస్త పక్కకి వంచి విన్నది.

"అబ్బో," అంది. "అచ్చం అదే."

ఆ 'అబ్బో' అతను అంతకుముందు విన్నాడు. కొలను గట్టున, జనం హోరులో విన్నాడు. అదే గొంతు, అదే పొందిక.

ఆ తరవాత మా బావ చేసిన పని ఇదొక్కటే. పనిలోంచి రాగానే బండ కింద చెక్కముక్క ఒకటి దోపి వాలు కాస్త పెంచేవాడు. "ఇప్పుడు?" అని అడిగేవాడు. "ఇప్పుడు ఇంకా బాగుంది," అనేది. ఇంకో రోజు చెక్క లాగేసి, "ఇప్పుడు?" అనేవాడు. "ఆఁ, ఇది ఇంకా నయం." ఏం చేసినా బాగుందనే అనేది. ఒకసారి నా ఎదుటే విసుక్కున్నాడు.

"నిజం చెప్పవే. అలాగే ఉందా?"

"ఉందండీ. అలా వంగి వంగి మీకు నడుము పట్టేస్తుంది. వచ్చి ఇక్కడ కూర్చోండి."

పెరటి గోడ ఇటుకది, తోట గోడ రాతిది. ఇక్కడి తొట్టి చిన్నది. సిమెంటు పొలుసులు నునుపు. ట్యాంకు నుంచి దిగే నీళ్ల బరువు వేరు, పంపు తోసే నీళ్లు వేరు. ఇవన్నీ అతనికి తెలుసు. తెలియనిదొక్కటే, ఆ పాత చప్పుడు ఎలా ఉండేదో. అన్నేళ్లు దాని పక్కనే పనిచేసి, దాన్ని లీకు లెక్కన తోసేసి, ఒక్కసారీ చెవి ఒగ్గలేదు. విన్న మనిషి ఆమె ఒక్కతే. ఆమె మొగుడి మనసు కష్టపెట్టదు.

అక్క పోయి ఇప్పటికి చాలా ఏళ్లైంది. చూపు పూర్తిగా పోయాక కూడా వంటింట్లోంచి పెరట్లోకి ఆ చప్పుడు పట్టుకునే వచ్చేది, పోయేది. ఆ మాత్రానికైనా పనికొచ్చిందిలే అని నేనంటే బావ తల ఊపుతాడు గానీ ఒప్పుకోడు. తోటలో ధార ఇప్పటికీ లేస్తుందట. అతను అటు వెళ్లడు.

మొన్న చూడ్డానికి వెళ్తే పెరట్లోనే ఉన్నాడు. ఏ కుళాయి కారినా ఇప్పుడు లేవడు. బండ మీద నీళ్లు పోతున్నాయి. చేతిలో చెక్కముక్క పట్టుకుని దాని వైపు చూస్తున్నాడు. నన్ను పక్కన కూర్చోమన్నాడు.

"మరదలా, నువ్వూ అక్కడ కూర్చునేదానివి కదా. సరిగ్గా చెప్పు. అది ఎలా ఉండేది?"

నేను కళ్లు మూసుకుని గుర్తు తెచ్చుకోబోయాను. అరుగు గుర్తొచ్చింది. ఫ్రెంచి రాజు, ఈలలు, చెట్లని దాటిన ధారలు గుర్తొచ్చాయి. అక్క నవ్వు గుర్తొచ్చింది.

"నేను చదువుతూ ఉండేదాన్ని కదా బావా," అన్నాను.

అతను తలూపాడు. మోకాళ్ల మీద చేతులానించి లేచి, వంగి, చెక్కముక్క బండ కింద దోపాడు. నీళ్ల చప్పుడు కొంచెం మారింది. అలవాటు కొద్దీ రాతి పలక వైపు తిరిగి, "ఇప్పుడు?" అన్నాడు.